అంతర్జాలమున చిన్న ప్రచురణల ఆదాయ చరిత్ర

వ్రాసినది పదిమందికి చవుకగా చేరవలెనన్నచో దాని ఖర్చును మరియొకరు భరింపవలెను. తెలుగు పత్రికల చరిత్ర నెరిగినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనమును తయారుచేయ నారంభించిరి. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో మద్రాసునుండి దానిని దినపత్రికగా వెలువరించిరి. తలనొప్పి మందు ఆర్జించిన ధనము అక్షరమునకు అండగా నిలిచినది. అట్టి అండ లేక, చందాలసొమ్ము చాలక, రెండేండ్లకో మూడేండ్లకో మూతపడిన పత్రికలు తెలుగునాట ఎన్నియో కలవు. అంతర్జాలమున వెలసిన చిన్న ప్రచురణలకును ఇదే చిక్కు ఎదురైనది. అచ్చట అమృతాంజనము కూర్చుండిన పీటమీద అన్వేషణ యంత్రము వచ్చి కూర్చున్నది. ఆ యంత్రము పోషకుడుగ ఎట్లు వచ్చెనో, పిదప యజమానిగ ఎట్లు మారెనో తెలిసికొనుట గ్రంథాలయములయందు అభిమానము గలవారికి అవసరము.

స్విట్జర్లండులోని జెనీవా నగరమునకు సమీపమున సెర్న్ అను అణుభౌతిక పరిశోధనాలయము కలదు. అచ్చట పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్‌లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చిలో, చెల్లాచెదరుగా నున్న పరిశోధన పత్రములను లంకెలచేత ఒకదానితో నొకటి కలుపవచ్చునని ఒక పథకమును తన పై అధికారులకు సమర్పించెను. 1990 చివరకు అది పనిచేయ నారంభించినది. 1991 ఆగస్టు 6వ తేదీన అతడు దానిని లోకమునకు తెలియజేసెను. వరల్డ్ వైడ్ వెబ్ అనబడునది ఇదియే. ఆ దినములలో దీనికంటె ప్రచారము గలది అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారి గోఫర్ అను పద్ధతి. 1993 తొలినాళ్లలో ఆ విశ్వవిద్యాలయమువారు దాని వాడుకకు కొన్ని సందర్భములలో రుసుము కోరుదుమని ప్రకటింపగా జనము జంకిరి. అదే యేట ఏప్రిల్ 30వ తేదీన సెర్న్‌వారు తమ సాఫ్టువేరును ఎవ్వరైనను దమ్మిడీ చెల్లింపక వాడుకొనవచ్చునని లిఖితపూర్వకముగా ప్రకటించిరి. గోఫర్ వెనుకబడినది, వెబ్ ముందునకు సాగినది. ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయములో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అనువారు 1993లోనే మొజాయిక్ అను చదువు సాధనమును వెలువరించి, బొమ్మలను వ్రాతను ఒకే పుటలో చూపిరి. ముద్రణాలయము, కాగితము, తపాలా బిళ్ల అక్కరలేకయే పత్రిక నడపగల కాలము ఆ విధముగా వచ్చినది.

పుటలు వేలకొలది పెరుగగా, వలసిన పుటను కనుగొనుట ఎట్లు? గ్రంథాలయమువారికి తెలిసిన ఉపాయము ఒకటే: పట్టిక. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో 1994లో తమకు నచ్చిన పుటలను విషయములవారీగా విభజించి ఒక పట్టికను కూర్చిరి. అదియే యాహూ అయినది. ఆ సంస్థలో అయిదవ ఉద్యోగిగా చేరిన శ్రీనిజ శ్రీనివాసన్ అను భారత సంతతి యువతి ఈ వర్గీకరణమునకు నాయకురాలై, ఏ పుట ఏ శీర్షికక్రిందకు రావలెనో నిర్ణయించు మనుష్యుల బృందమును నడపెను. డ్యూయీ దశాంశ పద్ధతి నెరిగినవారికి ఇందులో వింత లేదు. పుస్తకమును చేతబట్టి, తిరగవేసి, తగిన అరలో నుంచుటయే ఇచ్చటి పనియును. చిన్న వెబ్‌సైటు యజమాని తన చిరునామా వ్రాసి పంపి, పట్టికలో చోటు దొరకువరకు వేచియుండవలసినదే. ఆ నిరీక్షణ కష్టమైనను, చదివి నిర్ణయించువాడు మనుష్యుడు. యాహూవారి పట్టిక 2014 డిసెంబరులోను, స్వచ్ఛంద సేవకులు 1998 నుండి కూర్చుచు వచ్చిన డీమోజ్ అను పట్టిక 2017 మార్చిలోను మూతపడినవి. వాటి మూతను గూర్చి పత్రికలు పెద్దగా వ్రాయలేదు.

మనుష్యులకంటె వేగముగా చదువు యంత్రములు అప్పటికే వచ్చియుండెను. 1995 డిసెంబరులో డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థవారు ఆల్టావిస్టాను తెరచిరి. అది పుటలలోని ప్రతి మాటను లెక్కకెక్కించినది. అయితే ఒకే మాట లక్ష పుటలలో నున్నచో ముందు దేనిని చూపవలెను? ఆ మాట ఎక్కువసార్లు వచ్చిన పుటనే అని తొలి యంత్రములు చాలవరకు భావించెను. ఇది తెలిసినంతనే టక్కరులు తెల్లని పుటపై తెల్లని అక్షరములతో ఒకే మాటను వందలసార్లు వ్రాసి దాచిరి. చదువరి కంటికి కనబడదు, యంత్రమునకు కనబడును. అన్వేషణలో ముందు నిలుచుటకు పుటను తీర్చిదిద్దు విద్య ఈ విధముగా వృత్తి యైనది. ఈ విద్యను మొత్తముగ నిందించుట తగదు. పుటకు తగిన పేరు పెట్టుట, విషయమును శీర్షికలుగ విడదీయుట, బొమ్మక్రింద అది యేమియో మాటలలో చెప్పుట — ఇవి మంచి సంపాదకుడు ఎన్నడును చేయవలసిన పనులే. దొంగతనము ఆ విద్యకు వెంటబడిన నీడ వంటిది; నేటికిని వదలలేదు.

తూకమును సరిచేసిన ఊహ గ్రంథాలయశాస్త్రము నుండియే వచ్చినదని చెప్పవలెను. యూజీన్ గార్‌ఫీల్డ్ అను అమెరికా పండితుడు 1955లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, ఏ పరిశోధన పత్రమును ఎవరెవరు ఉదాహరించిరో సూచిక తయారుచేయవలెనని వాదించెను. 1964లో అట్టి సూచిక సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అను పేర వెలువడినది. ఎక్కువమంది ఉదాహరించిన పత్రము ప్రభావము గలది అనుట దాని వెనుకనున్న భావము. స్టాన్‌ఫర్డులో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను విద్యార్థులు వెబ్‌లోని లంకెను ఉదాహరణముగ భావించి ఈ సూత్రమును విస్తరించిరి. జమ్మూలో పుట్టి కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఆచార్య రాజీవ్ మోత్వానీ వారికి తోడ్పడి, ఆ పరిశోధనలో భాగస్వామి యయ్యెను.

ఆ సూత్రము సామాన్యులకును దురవగాహము కాదు. ఒక గ్రామమున మంచి వైద్యుడెవరని తెలిసికొనదలచినవాడు పదిమందిని అడుగును. అయితే పదిమంది మాటకును ఒకే తూకము లేదు. ఊరివారి మన్నన పొందిన పెద్దమనిషి చెప్పిన పేరునకు తూకము హెచ్చు. అదే పెద్దమనిషి నూరు పేర్లు చెప్పినచో ఒక్కొక్క పేరునకు దక్కు తూకము పలుచబడును. ఆ పెద్దమనిషి విలువయో, అతనిని మన్నించినవారి విలువపై ఆధారపడియుండును. ఈ చిక్కుముడిని గణితముచేత విప్పినదే పేజ్‌ర్యాంక్. పేజ్ అనగా పుట యని పలువురు భావింతురు గాని, ఆ పేరు లారీ పేజ్ ఇంటిపేరునుండి వచ్చినది. 1998 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున జరిగిన మహాసభకు పేజ్, బ్రిన్‌లు సమర్పించిన వ్యాసములో ఒక హెచ్చరిక కలదు. ప్రకటనల సొమ్ముతో బ్రతుకు అన్వేషణ యంత్రములు సహజముగనే ప్రకటనలిచ్చువారి పక్షమునకు మొగ్గి, వెదకువారి అవసరములకు దూరమగునని వారే వ్రాసిరి. ఆ యేటి సెప్టెంబరులో గూగుల్ సంస్థ నమోదైనది. రెండేండ్లు తిరుగునప్పటికి ఆ సంస్థయు ప్రకటనలు అమ్మసాగినది.

ప్రకటనల వ్యాపారము అంతకుముందే మొదలైయుండెను. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అను పత్రికావెబ్‌సైటు పుట నెత్తిన పట్టీవంటి ప్రకటనలను అమ్మినది. అది పెద్దవారి బేరము. చిన్నవారికి తొలి దారి 1996 జూలైలో అమెజాన్ చూపినది: తమ పుటనుండి వెళ్లిన చదువరి పుస్తకము కొన్నచో, లంకె ఇచ్చినవానికి కొంత దామాషా. పుస్తకములను గూర్చి వ్రాయువారికి ఇది బాగుగ నున్నది. తక్కినవారికి అమ్ముటకు ఏమున్నది? 1998లో బిల్ గ్రాస్ అను కాలిఫోర్నియా వ్యాపారి గోటూ అను అన్వేషణ యంత్రమునందు మాటలను వేలము వేయ నారంభించెను. ఒక మాటకు ఎవడు హెచ్చు పాడునో వాని ప్రకటన మొదట కనబడును. చదువరి దానిపై నొక్కినప్పుడు మాత్రమే సొమ్ము చెల్లింపవలెను. తిరునాళ్లలో అంగడి చోటుకు వేలముపాట జరిగినట్లే. గూగుల్‌వారు 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్‌ను తెరచి, 2002లో వేలమును తామును చేపట్టిరి. అయితే వారొక తెలివి చూపిరి: పాడిన ధరను మాత్రమే గాక, ఆ ప్రకటనపై జనులు ఎంతగా నొక్కుచున్నారో దానిని గూడ లెక్కించిరి. డబ్బు పుష్కలముగ నున్నను పనికిరాని ప్రకటన క్రిందకు జారును. గోటూ సంస్థ అప్పటికి ఓవర్‌చర్ అని పేరు మార్చుకొని, తన పేటెంటును గూగుల్ అతిక్రమించినదని 2002లో వ్యాజ్యమాడెను. 2004లో 27 లక్షల వాటాలు ఇచ్చి గూగుల్ ఆ తగవును తీర్చుకొనెను.

చిన్న ప్రచురణల చరిత్రలో అసలు మలుపు 2003 జూన్. ఆ నెలలో గూగుల్‌వారి యాడ్‌సెన్స్ అందరికిని తెరువబడినది. ఆ పేరును, కొంత విద్యయును ఆ యేటి ఏప్రిల్‌లో వారు కొన్న అప్లయిడ్ సెమాంటిక్స్ అను సంస్థనుండి వచ్చినవి. పని తీరు ఇట్టిది: పుట యజమాని కొన్ని పంక్తుల సంకేతమును తన పుటలో అతికించును. యంత్రము వచ్చి ఆ పుటలోని వ్రాతను చదువును. గులాబీ అంట్లను గూర్చి వ్రాసిన పుటకు మొక్కలమ్మువాని ప్రకటనను, దూరదర్శిని యంత్రములను గూర్చి వ్రాసిన పుటకు కటకములమ్మువాని ప్రకటనను తెచ్చి నిలుపును. పుట యజమాని ఒక్క వ్యాపారి గడపయు తొక్కనక్కరలేదు. అంతకుముందు వేడుకకై వ్రాయుచుండిన ఉపాధ్యాయులు, తోటమాలులు, నాణెములు సేకరించువారు నెలకొకసారి కొంత పైకమును చూడగలిగిరి. వారిలో కొందరు ఉద్యోగములు మాని దీనినే జీవనముగ చేసికొనిరి. సంపాదన 10 డాలర్లకు చేరినపుడు చిరునామా నిజమైనదో కాదో పరీక్షించుటకు ఒక రహస్యసంఖ్య తపాలాలో వచ్చును. 100 డాలర్లు నిండినగాని సొమ్ము చేతికి రాదు. భారతదేశమున పలువురికి ఆ లేఖయే ఈ ఆదాయమును గూర్చి ఇంటివారు నమ్మిన మొదటి సాక్ష్యము.

పుట యజమానికి నూటికి 68 పాళ్లు దక్కునని గూగుల్ 2010 మే నెలలో ప్రకటించినది. అంతవరకు, అనగా దాదాపు ఏడేండ్లపాటు, పాలికాపునకు తన పాలు ఎంతయో తెలియదు. పంట కొలిచినవాడును, కాటా పట్టినవాడును, లెక్క వ్రాసినవాడును ఒక్కడే యైనచో మన పల్లెలలో ఏమనుకొందురో వేరుగా చెప్పనక్కరలేదు. దొంగ నొక్కుల తగవు మరియొకటి. ప్రత్యర్థి వ్యాపారులు ఒకరి ప్రకటనపై మరియొకరు నొక్కి సొమ్ము కరగించిరి. కొందరు పుట యజమానులు తమ ప్రకటనలను తామే నొక్కుకొనిరి. ప్రకటనలిచ్చినవారు వేసిన వ్యాజ్యమును 2006లో 9 కోట్ల డాలర్ల వరకు విలువగల ఒప్పందముతో గూగుల్ పరిష్కరించుకొనెను. కాపలా బిగిసినకొలది నిర్దోషులును చిక్కిరి. స్నేహితులు అభిమానముతో నొక్కిన నొక్కులును యంత్రము కంటికి దొంగ నొక్కులే. ఖాతా రద్దయినచో, 100 డాలర్లు నిండవచ్చిన సంపాదన అంతయు పోవుటయు కలదు.

ఆదాయము వ్రాతను మార్చుట తప్పలేదు. జనులు వేనిని వెదకుచున్నారో ముందుగ కనుగొని, దానికి సరిపడు వ్యాసములను కూలికి వ్రాయించు కర్మాగారములు బయలుదేరెను. వ్రాయువానికి విషయము తెలియనక్కరలేదు. కీలకపదము తెలిసిన చాలును. 2011 ఫిబ్రవరిలో గూగుల్‌వారు తమ గణనసూత్రమును మార్చి ఇట్టి వ్యాసములను వెనుకకు నెట్టిరి. అమెరికాలో నూటికి 11.8 ప్రశ్నల ఫలితములు తారుమారైనవని వారే తెలిపిరి. ఈ మార్పునకు పాండా అని పేరు. అది చీనాదేశపు ఎలుగుబంటి కాదు. ఆ సూత్రమును కనుగొన్న నవనీత్ పాండా అను ఇంజనీరు ఇంటిపేరు. ఒడిశా పొరుగున నున్న శ్రీకాకుళమువారికి ఆ ఇంటిపేరు సుపరిచితమే. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అను మార్పు, లంకెలను కొని అమ్మువారిపై పడినది. ఈ రెండును న్యాయమైన ఉద్దేశముతో వచ్చినవే. అయినను రాత్రి పండుకొనునప్పటికి వేలమంది చదువరులుండి, తెల్లవారునప్పటికి పదింట ఒకవంతు మిగిలిన చిన్న యజమానికి తన తప్పేమియో చెప్పు నాథుడు లేకపోయెను. పట్టికనుండి తొలగింపబడినవాడు పట్టిక కూర్చినవానికి ఉత్తరము వ్రాయగలుగు దినములు గతించినవి.

తెలుగువారి అనుభవము మరింత కష్టమైనది. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము దొరికినది. కాని ఇండ్లలోని కంప్యూటర్లు దానిని చూపగలుగుటకు పదేండ్లు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. ఆ నడిమి కాలమున తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటును వాడెను. తెరపై తెలుగు కనబడుచుండెను గాని లోపల నున్నది ఆంగ్లాక్షరముల గజిబిజి. అన్వేషణ యంత్రమునకు అది తెలుగని తెలియదు. లక్షలకొలది పంక్తుల వార్తలు, కథలు వెదకినను దొరకని చీకటిలో నుండిపోయెను. అట్టి దినములలో, 1998లో, అమెరికాలోని తెలుగువారు ఈమాట అను పత్రికను స్థాపించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. ఆంగ్లాక్షరములు కొట్టిన తెలుగుగ మార్చు లేఖిని వంటి సాధనములు వచ్చి వ్రాతను సులభము చేసెను. వీరెవ్వరును ధనమునకై వ్రాసినవారు కారు. కోరినను వచ్చియుండెడిది కాదు. యాడ్‌సెన్స్ అంగీకరించిన భాషలలో తెలుగు లేదు. హిందీకి 2014 డిసెంబరులో ఆ ద్వారము తెరువబడినది, తెలుగునకు 2018లో. అనగా ఆంగ్లమున గులాబీ అంట్లను గూర్చి వ్రాసినవాడు 2003 నుండి ఆర్జించుచుండగా, అదే విషయమును తెలుగున వ్రాసినవాడు పదునైదేండ్లపాటు ఉట్టి చేతులతో నుండెను. తెలుగు తెలిసిన సమర్థులు కొందరు ఆంగ్లమునకు మరలుటకు ఇది ఒక కారణము.

ద్వారము తెరువబడిన పిదప ప్రవేశించినది ఎల్లప్పుడును సరస్వతి కాదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో అంతర్జాలము చవుకయై, చేతిఫోను పల్లెపల్లెకు చేరినది. చదువరులు పెరిగిరి. కాని వేలములో తెలుగు పుటకు పాడువారు తక్కువ, పాడిన ధర తక్కువ. ఆదాయము రావలెనన్నచో నొక్కులు కుప్పలుగ పడవలెను. సినిమాతారల కబుర్లు, రాశిఫలములు, సగము చెప్పి సగము దాచిన శీర్షికలు అందుచేతనే ప్రబలెను. మెట్టసేద్యమును గూర్చియో, శాసనములను గూర్చియో శ్రద్ధగా వ్రాసిన పుటకు చదువరులు వందలలో నుందురు. ఆ వందకు వేలములో విలువ లేదు. ఇది వ్రాయువారి దోషమని కొందరు అందురు. తూకపురాయిని మార్చనిది సరకును నిందించి ఫలమేమి?

ఇటీవలి మార్పు అన్నిటికంటె లోతైనది. 2014 నుండి గూగుల్ కొన్ని ప్రశ్నలకు ఏదో ఒక పుటలోని నాలుగు పంక్తులను పైననే చూపుచుండెను. 2024 మే నెలలో అమెరికాలోను, ఆగస్టులో భారతదేశములోను, కృత్రిమ మేధచేత పలు పుటల సారమును పిండి సమాధానముగ వ్రాసి చూపుట సాగినది. లంకెలు ఇచ్చుచున్నను, సమాధానము దొరకినవాడు లంకెను నొక్కనేల? చదువరి రానిచో ప్రకటన లేదు. ప్రకటన లేనిచో వ్రాసినవానికి కూలి లేదు. గ్రంథాలయమున సూచికాపత్రము పుస్తకమువైపు నడపును. ఇచ్చట సూచికయే పుస్తకమును మింగుచున్నది. న్యాయస్థానములు ఈ సంస్థ బలమును గమనింపకపోలేదు. భారత పోటీ సంఘము 2018 ఫిబ్రవరిలో అన్వేషణ ఫలితములయందు పక్షపాతమునకు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించెను. అమెరికాలో న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న, అన్వేషణలో గూగుల్ చట్టవిరుద్ధముగ గుత్తాధిపత్యమును నిలుపుకొన్నదని తీర్పు చెప్పెను. ప్రకటనల విపణిని గూర్చి మరియొక న్యాయస్థానము 2025 ఏప్రిల్‌లో అట్టి తీర్పే ఇచ్చెను. 2025 సెప్టెంబరులో మెహతా న్యాయమూర్తి సంస్థను చీల్చుటకు అంగీకరింపక, కొంత అన్వేషణ సమాచారమును పోటీదారులకు ఇయ్యవలెనని మాత్రము ఆదేశించెను.

చిన్న ప్రచురణకర్తలలో కొందరు తీర్పులకై వేచియుండలేదు. 2017లో అమెరికాలో ఆరంభమైన సబ్‌స్టాక్ వంటి సంస్థలద్వారా వారు తమ వ్రాతను ఉత్తరముగ నేరుగ చదువరి పేరిట పంపి, నెలకింత యని స్వీకరించుచున్నారు. అందులో పదింట ఒక పాలు సంస్థ ఉంచుకొనును. తెలుగున అట్లు చెల్లించు చదువరులు తక్కువగుటచేత, వ్రాయువారిలో పలువురు కలము వదలి యూట్యూబ్‌లో మాటాడుటకు మరలిరి. ఈమాట మాత్రము స్వచ్ఛంద సంపాదకులతోనే సాగుచున్నది. ఆంగ్లమున ఉత్తరములు పంపువారు తమ చదువరులను గూర్చి వాడు మాటకు తెలుగు వెదకనక్కరలేదు. ప్రతి పల్లె గ్రంథాలయపు చిట్టాలోను మొదటి పుటలోనే యున్నది: చందాదారులు.